సత్తవ్వ చేతి మరక

బోధన్‌లో బొంతల రుక్మాబాయి ఇల్లెక్కడ అని అడిగితే చెప్పనివాళ్ళు ఉండరు. కానీ ఆమె చెప్పిన రోజుకు బొంత చేతికొచ్చిందని చెప్పేవాళ్ళు మాత్రం ఒక్కరూ దొరకరు. "వచ్చే నెల తీస్కపో బిడ్డా" అంటుంది. ఆ వచ్చే నెల ఏ పంచాంగంలో ఉందో ఆమెకే తెలియదు. అట్లాగని అబద్ధాలాడే మనిషి కాదు. ఆ మాట అనేటప్పుడు వచ్చే నెలకు అయిపోతుందనే ఆమె కూడా నమ్ముతుంది. ఆ నమ్మకం పుణ్యమా అని ఆమె ఇంటి వెనక గదిలో పాత చీరల మూటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఉన్న ఒక్క కిటికీనీ మూసేశాయి.

ఆమె పుట్టింది దెగ్లూరు పక్కన ఒక పల్లెలో. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళయి బోధన్ వచ్చింది. పెనిమిటి చెరుకు బండి తోలేవాడు. చక్కెర ఫ్యాక్టరీ ముందర బండ్ల బారు కదిలేదాకా ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులూ బండి కింద పరుచుకోవడానికి, కప్పుకోవడానికి ఆమె తన రెండు పాత చీరలు కలిపి మొదటి బొంత కుట్టింది. అది చూసి పక్క బండివాడు తన భార్య చీరలు తెచ్చి ఇచ్చాడు. తర్వాత ఆ పక్క బండివాడు. తర్వాత ఫ్యాక్టరీ మూతబడింది, పెనిమిటి కాలం చేశాడు, బొంతలు మాత్రం ఆగలేదు.

అప్పట్లో పద్ధతి వేరు. వర్ని, కోటగిరి దిక్కు ఊళ్ళకు ఆమే పోయేది. పిలిచినవాళ్ళ వాకిట్లో చాప వేసుకుని, నాలుగు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్లు చుట్లుగా కుట్టుకుంటూ వచ్చేది. రెండు పూటలు వాళ్ళింట్లోనే తిండి. ఆ చీర ఎవరిది, ఏ పెళ్ళికి కట్టింది, ఎవరితో కొట్లాడి చింపుకుంది, అన్నీ ఇంటి ఆడవాళ్ళు చెబుతూ ఉండేవాళ్ళు. నడిమికి వచ్చాక, ఆఖరి చుట్టు మూసే ముందర, నాలుగు జొన్నగింజలు లోపల వేసేది. "బొంత ఆకలితోటి పోవద్దు. దాని కడుపు నిండితేనే కప్పుకున్నోళ్ళకు నిద్ర" అనేది. ఇది ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న మాట.

ఇప్పుడు ఎవరి వాకిట్లోనూ చాప వేసుకుని రెండు రోజులు కూర్చునే తావు లేదు. జనమే మూట కట్టుకుని వచ్చి ఇచ్చి పోతున్నారు. రుక్మాబాయికి అక్షరం ముక్క రాదు. అందుకని ఏ మూటకు ఆ మూటలోంచే ఒక పేలిక చింపి, ఒక్కో ఇంటికి ఒక్కో తీరు ముడి వేసింది. ఒంటి ముడి కోటగిరివాళ్ళది. రెండు చెవుల ముడి ఎదురింటి హమీదా చెల్లెలిది. లెక్కల పుస్తకం తప్పుతుందేమో గానీ ఆమె ముడి తప్పేది కాదు. తప్పిందల్లా గడువే.

దానికీ ఆమె దగ్గర ఒక న్యాయం ఉంది. ఎవరింట్లోనైనా కాన్పు ఉందంటే ముందు ఆ పసిబొంత ఎత్తుకునేది. చచ్చినవాళ్ళ చీరలతో కుట్టే బొంతలు వెనక్కి జరిగేవి. అడిగితే, "పుట్టెటోళ్ళు ఆగరు బిడ్డా, పోయినోళ్ళు ఆగుతరు" అనేది. వినడానికి ఎంత బాగుందో చూడండి ఆ మాట! ఇట్లాంటి చక్కని మాటలే మనిషిని ముంచుతాయి.

పోయిన ఏడు ఎండలు ముదిరే వేళకు స్నేహలత వచ్చింది. వర్ని బడిలో టీచరు. పుట్టిల్లు వేల్పూర్, పసుపు పండించే ఇల్లు. తల్లి సత్తవ్వ పోయి అప్పటికి ఇరవై రోజులు. నాలుగు చీరలు తెచ్చింది. మూడు మామూలువి. నాలుగోదాన్ని విడిగా పాత పేపర్లో చుట్టి, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

వెలిసిన బూడిదరంగు నూలు చీర, సన్న ఎర్రంచు. దాన్ని చాప మీద పరిచి, ఒక చోట వేలు పెట్టి చూపింది. పసుపు మరక. నాలుగు వేళ్ళు కిందికి జారినట్టు, బొటనవేలు పక్కకు పోయినట్టు.

"మా అమ్మ చెయ్యి అవ్వా ఇది. ఆ రోజు నేను సెలవుకు పోయి ఉన్న. పొద్దటి సంది పసుపు ఉడకబెట్టే కాడనే ఉన్నది. ఇంట్లకొచ్చి, గిట్ల తుంటికి చెయ్యి తుడుసుకొని మంచం మీద కూసున్నది. నీళ్ళు తెమ్మన్నది. నేను చెంబు తెచ్చేవరకు ఇగ లేదు."

చచ్చిననాటి చీర చాకలికి పోవాలి. ఇంట్లో ఉంచుకోవద్దంటారు. స్నేహలత ఎవరికీ తెలియకుండా దాన్ని తన బ్యాగులో కుక్కుకుని తెచ్చుకుంది. ఏడుస్తూనే మరక మీద తన అరచెయ్యి పెట్టి చూపింది. వేలికి వేలు సరిపోయింది.

"రోజు గిట్ల పెట్టుకుంటున్న. మా ఆయన నాకు పిచ్చి లేసిందంటుండు. ఇది పైన రావాలె అవ్వా. నా మొకం పెట్టే దిక్కు రావాలె. మిగిలినయి ఉతుకు, దీన్ని మాత్రం ఉతుకకు."

"నా పానం బోనియ్యి గని, దీనికి నీళ్ళు తాకనియ్య" అంది రుక్మాబాయి. ఆమె కళ్ళు కూడా తడిశాయి. ఆ మూటకు మూడు ముడులు వేసింది, అంత గట్టివి ఇంకే మూటకూ వేయలేదు. వేసి, కిటికీ పక్కన పెట్టింది. వచ్చే నెల రమ్మంది.

ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో రెండుసార్లు కుడదామని మూట విప్పింది. రెండుసార్లూ ఎవరింట్లోనో కాన్పు దగ్గరపడి మళ్ళీ కట్టేసింది. స్నేహలత మూడుసార్లు వచ్చి, మరక మీద కాసేపు చెయ్యి పెట్టుకుని పోయింది. ఆఖరికి ఫోన్ చేసి చెప్పింది, "ఈ ఆదివారం గాక వచ్చే ఆదివారం సంవత్సరీకం అవ్వా. అమ్మ పోయి ఏడాది. శనివారం నాడు వస్త. ఆ బొంత లేకుంట నేను వేల్పూర్ ల కాలు పెట్ట." దానికింకా పన్నెండు రోజులుంది. ఈసారి తప్పదు అనుకుంది రుక్మాబాయి. అనుకుని, నడుమ ఐదు రోజులు దెగ్లూరులో తమ్ముడి మనవడి పేరుపెట్టే పండక్కి పోయింది. పోయే ముందర వసారాలో కూర్చుని ఫోన్లో చెల్లెలికి చెప్పుకుంది కూడా, "గీ మూటలు నన్ను తింటున్నయే. నేను సచ్చినా తెమలయి. ఒక్కదాన్ని ఎన్నని జేద్దు?"

ఆ మాట కోడలు విన్నది.

కోడలు దీక్షిత. నిజామాబాద్ పిల్ల, డిగ్రీ చదివింది. కొడుకు సాయిరాంను చేసుకుని వచ్చి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో అత్తతో చేతులు కలుపుదామని ఎన్నిసార్లు వెనక గదిలోకి వచ్చినా, "నువ్ పో బిడ్డా, దుమ్ము లేస్తది" అని రుక్మాబాయి బయటికి పంపేది. దుమ్ము పడుతుందనే పంపేది, పాపం. కానీ అన్నవాళ్ళ మనసు విన్నవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? ఆ గదిలోకి తనకు చోటు లేదనుకుంది ఆ పిల్ల. ఇప్పుడు చోటు దొరికింది.

దెగ్లూరు బస్సు దిగి రుక్మాబాయి ఇంటికొచ్చేసరికి దీక్షిత గుమ్మంలోనే ఎదురొచ్చింది. "కండ్లు మూస్కోండ్రి అత్తమ్మా" అని చెయ్యి పట్టుకుని వెనక గదికి తీసుకుపోయింది. తెరిచి చూస్తే కిటికీ కనబడింది. కిటికీలోంచి వెలుతురు పడుతోంది. మూటలు లేవు. గోడకు ఇనుప బీరువా ఉంది. దాని తలుపులు తీసి చూపింది కోడలు. పై అరలో ఎర్ర చీరలన్నీ ఒకచోట, కింద పచ్చవి, దాని కింద నీలాలు, అన్నిటికన్నా కింద తెల్లవి, బూడిదవి. అన్నీ ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, బట్టల దుకాణంలో సర్దినట్టు సర్ది ఉన్నాయి. అన్నిటికీ ఒకటే వాసన, మల్లెపూల సబ్బు నీళ్ళది.

"ఫోన్ల సూసిన అత్తమ్మా, రంగుల లెక్కన పెట్టుకుంటే పని జల్ది అయితదట. ఐదు దినాలు బట్టలుతికే మిషన్ ఆగలే. ఆ ముడుల పేలికలన్ని పారేసిన, ముక్కిన వాసనొచ్చినయి."

రుక్మాబాయి కళ్ళు సత్తవ్వ చీర కోసం కింది అరకు పోయాయి. అయినా నోటి నుంచి, "మంచిగ జేసినవ్ బిడ్డా" అన్న మాటే వచ్చింది. ఎందుకంటే అప్పటికే ఆమె కోడలి చేతులు చూసింది. సబ్బుకూ బ్లీచింగ్‌కూ అరచేతులు పొక్కి, తోలు లేచిపోయి ఉన్నాయి. ఆ చేతులు చూశాక ఇంకేం అంటుంది?

ముడులు పోయినందుకు ఆమె అంత భయపడలేదు. మనుషుల మొహాలు మరచినా చీరలు మరవదు. కోడలు వంటింట్లోకి పోగానే కూర్చుని, ఇది కోటగిరివాళ్ళ ముసలమ్మది, ఇది హమీదా చెల్లెలి అత్తది అని ఒక్కోటీ తీసి మళ్ళీ కుప్పలు వేసింది. ఒక్క పూటలోనే పదకొండు ఇళ్ళ చీరలూ ఎవరి కుప్పలోకి అవి చేరాయి. మనసు కొంచెం కుదుటపడింది. అప్పుడు కింది అరలోంచి బూడిదరంగు చీర తీసింది. సన్న ఎర్రంచు. అదే. పరిచింది. ఇటు తిప్పింది. అటు తిప్పింది. కిటికీ దగ్గరికి పట్టుకుపోయి వెలుతురుకు అడ్డంగా పట్టింది.

మరక లేదు.

"అదా అత్తమ్మా!" అని వెనక నుంచి కోడలి గొంతు. "ఎంత సతాయించిందనుకున్నరు! సబ్బు పెడితే పసుపుది కాస్తా ఎర్రగైంది, నేనే కరాబు చేసిననేమో అని భయమైంది. మా అమ్మకు ఫోన్ చేస్తే ఎండకేయమన్నది. మూడు దినాలు మిద్దె మీద, తడిపి తడిపి ఎండకేసిన. సూడుండ్రి, ఆనవాలు లేదు."

నిజమే. ఆనవాలు లేదు. పసుపు మరక సంగతి తెలియని ఆడది ఈ జిల్లాలో ఉంటుందా? ఎంతమందికి రుక్మాబాయి తనే ఆ కిటుకు చెప్పలేదు! ఎండకు పసుపు నిలవదు. ఏడాదిపాటు మూసిన కిటికీ ఆ మరకను కాపాడింది. ఆ కిటికీ తెరుచుకుంది.

రుక్మాబాయి చీర మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. కక్కలేదు, మింగలేదు. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలి? పిల్ల ప్రేమతో చేసింది. పైగా ఏడాది కిందనే కుట్టి ఇచ్చేసి ఉంటే ఆ చెయ్యి ఈ రోజు బిడ్డ చెంప కింద ఉండేది. పోయినోళ్ళు ఆగుతరు అన్నది ఎవరు? సత్తవ్వ ఆగింది. ఏడాది ఆగింది పాపం, ముసలిది. ఇంక ఎంతకాలం ఆగుతుంది?

సాయంత్రం చీర కొంగుచాటున పెట్టుకుని ఎదురింటికి పోయింది. హమీదా ఇంటాయన నూరుల్లా దర్జీ, హమీదా నలభై ఏళ్ళుగా ఇంట్లో కాజాలు, గుండీలు కుట్టే మనిషి, బట్టల మరకల సంగతి ఆమెను మించినవాళ్ళు లేరు. సంగతంతా విని, నవ్వాలో ఏడవాలో తెలియక చూసింది.

"అందరు మరక తియ్యమని అస్తరు బాయీ. తెమ్మని అచ్చినదానివి నువ్వొక్కదానివే." చీరను వేళ్ళతో తడిమి తడిమి చూసి, తిరిగి ఆమె ఒళ్ళో పెట్టింది. "హల్దీ ధూప్‌ల పోతే, ఎండకు పోతే, పోయిందే. అల్లా తెచ్చియ్యాలె గని నేను తేలేను. ఆ టీచరమ్మకు నిజం చెప్పు."

"ఏమని చెప్పుదు? నా కోడలు మీ అమ్మను ఉతికి ఆరేసిందని చెప్పుదునా?"

రుక్మాబాయి చీరను మళ్ళీ కొంగుచాటున దాచుకుని ఇల్లు చేరింది.

మర్నాడు రుక్మాబాయి ఒక పాడుపని చేయబోయింది. కోడలు కూరగాయలకు పోయిన వేళ చూసి, గిన్నెలో పసుపు కలిపి, అరచెయ్యి ముంచి, ముందు ఒక పాత పేలిక మీద పెట్టి చూసింది. ఐదు వేళ్ళూ పొందికగా, నిండుగా పడ్డాయి. అచ్చం పండగ నాడు గడపకు పెట్టినట్టుంది. ఇట్లా కాదు, అలసిన చెయ్యిలా ఉండాలి అని ఈసారి తుడిచింది. గోడకు సున్నం కొట్టినట్టు వచ్చింది. మళ్ళీ తుడిచింది. పొద్దటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి, వంగి, లేచి, దాహమై, ఇంట్లోకి వచ్చి కూర్చోబోయే ముందర ఏమీ ఆలోచించకుండా తుంటికి తుడుచుకున్న చెయ్యి అది. ఆలోచించి తుడిస్తే అట్లా వస్తుందా? ఆరు పేలికలు పాడయ్యాయి. ఒక్కటీ సత్తవ్వది కాలేదు.

"అయ్యో, ఏం చేస్తున్నరు అత్తమ్మా? మళ్ళ మరకలా?" సంచీ చేత్తో పట్టుకుని కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. "ఇటియ్యుండ్రి, ఎండిపోకముందే నానబెడత."

"ఏం లేదు బిడ్డా. చెయ్యి జారింది" అంది రుక్మాబాయి. పేలికలన్నీ ఇచ్చేసింది.

ఆ తర్వాత ఐదు రోజులు తల ఎత్తకుండా కుట్టింది. ఆమె ఎరిగినంతలో చెప్పిన రోజుకు తయారైన మొదటి బొంత ఇదే, చూడండి విడ్డూరం. ఇంత అందమైన కుట్టు కూడా ఎప్పుడూ పడలేదు. ఒక్కో చుట్టు తిరిగేటప్పుడు ఇక్కడ ఉండెనా, ఇంకో జానెడు కిందనా అని సూది ఆగేది. గుర్తు చేసుకుందామంటే ఏడాదంతా మరక చూసింది గానీ చోటు చూడలేదాయె. మరక ఉన్నంత కాలం చోటుతో ఎవరికి పని? నడిమికి వచ్చాక నాలుగు జొన్నగింజలు వేసి మూసేసింది. ఈ బొంత కడుపు మాత్రం నిండలేదని ఆమెకు తెలుసు.

శనివారం పొద్దున పది గంటలకు స్నేహలత వచ్చింది. చేతిలో కొత్త తువ్వాల, బొంత చుట్టుకుపోవడానికి. చాప మీద పరిచి ఉన్న బొంతను చూసి, "అవ్వా, ఎంత మంచిగున్నదే!" అంది. మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి చాపింది. చాపిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఈ కొస చూసింది, ఆ కొస చూసింది. తిరగేసి కింది పక్క చూసింది.

"ఏడున్నదవ్వా?"

రుక్మాబాయి ఈ ఐదు రోజులూ ఏమని చెప్పాలో వరస కట్టుకుంది. ఆ వరసలో ఒక్క మాట కూడా గుర్తు రాలేదు.

"పోయింది బిడ్డా. నేనే ఉతికిన. ముసలితనం, మతి లేదు. అన్నిటితోటి కలిపి నీళ్ళల్ల ఏసిన."

"చెప్పిన గదవ్వా!" స్నేహలత అరిచినట్టే అంది. "ఎన్నిసార్లు చెప్పిన నీకు? నీళ్ళు తాకనియ్యనంటివి గద. నాకు ఇగ ఏమున్నది అమ్మది? ఫోటో గూడ మంచిగ లేదు. గదొక్కటే ఉండె."

"కొట్టు బిడ్డా నన్ను" అంది రుక్మాబాయి. నిజంగానే అంది. కొడితే బాగుండునని ఉంది ఆమెకు.

స్నేహలత కొట్టలేదు. రెండు చేతులూ బొంత మీద పెట్టి వెతకడం మొదలుపెట్టింది. "ఇక్కడుండెనా? ఇక్కడనా?" కుడి చెయ్యి ఒక చోట ఆనించేది, తీసేది, జానెడు పక్కన ఆనించేది. రుక్మాబాయి కూడా వంగి వెతికింది. లేదని తెలిసీ ఇద్దరూ వెతికారు. "ఏమో బిడ్డా... ఇటు దిక్కే అనుకుంట... ఏమో."

అప్పుడు దీక్షిత చాయ్ తెచ్చింది. రెండు కప్పులూ కింద పెడుతూ బొంతను చూసింది, చూడగానే మొహం వికసించింది.

"ఈ చీరనా అక్కా, మీది? అబ్బ, దీని మీద ఒక మొండి మరక ఉండె! మూడు దినాలు మిద్దె మీద కూసొని పోగొట్టిన. ఇప్పుడు ఎక్కడుండెనో కనుక్కోండ్రి సూద్దాం!"

స్నేహలత తల ఎత్తి ఆ పిల్లను చూసింది. పిల్ల మొహం చూసింది, కప్పు వదిలిన చేతుల మీద ఇంకా మానని పొక్కులు చూసింది. తర్వాత రుక్మాబాయిని చూసింది. ముసలామె చూపు చాప మీదికి దిగిపోయింది.

స్నేహలత బొంత మీద నుంచి చెయ్యి తీసింది.

"మంచిగనే పోయింది చెల్లె" అంది స్నేహలత. "నాకు గూడ దొరుకుతలేదు."

బొంతను మడిచి తువ్వాలలో చుట్టుకుంది. గుమ్మం దాటేటప్పుడు రుక్మాబాయి భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, తీసేసి, వర్ని బస్సుకు పోయింది. ఆమె మలుపు తిరిగేదాకా ముసలామె వాకిట్లోనే నిలబడింది.

లోపలికి వస్తే దీక్షిత కప్పులు ఎత్తుతోంది.

"ఆ అక్క చాయ్ ముట్టనే లేదేంది అత్తమ్మా?"

"బస్సుకు టైమైంది బిడ్డా."

"మంచి మనిషి గద? ఆ మరక సంగతి గీ ఇంట్ల ఎవ్వరు ఎత్తలే, గామె మాత్రం మరక మంచిగ పోయిందని మెచ్చుకున్నది."

"అవ్ బిడ్డా" అంది రుక్మాబాయి. "మంచి మనిషి."